రివాల్వర్: ఏ టేపు నుంచి వచ్చిందో అడగాలి

పాత రికార్డు కొత్తగా అచ్చయి వచ్చినప్పుడల్లా అట్ట మీద 'రీమాస్టర్డ్' అని ఒక స్టిక్కరు ఉంటుంది. ఆ పని ఏ టేపుతో మొదలైంది, ఎవరు చేశారు, ఎంతవరకు మార్చారు అన్నది మాత్రం అందులో ఉండదు. నాందేడ్‌లాంటి ఊళ్లో ఉండి రికార్డులు తెప్పించుకునేవాళ్లకి ఈ వివరాలు మరీ అవసరం. ముందుగా విని చూసి కొనుక్కునే వీలు మాకు తక్కువ. వేల రూపాయలు కట్టాక కొరియర్‌లో వచ్చిందే మన రికార్డు. అందుకే కొనేముందు ఏం అడగాలో తెలిసి ఉండాలి.

ఈ సంగతి విప్పి చెప్పడానికి బీటిల్స్ 'రివాల్వర్' కంటే తగిన ఆల్బమ్ నాకు కనిపించదు. 1966 ఆగస్టు 5న లండన్‌లో విడుదలైంది. పద్నాలుగు పాటలు, మొత్తం సుమారు 35 నిమిషాలు. అప్పటిదాకా రాక్ బృందం స్టూడియోకి వెళ్లడమంటే చాలావరకు వేదిక మీద వాయించేదాన్నే టేపుకి ఎక్కించడం. ఈ ఆల్బమ్‌లో వేదిక మీద వాయించడానికి వీలే లేని సంగీతం స్టూడియోలో పుట్టింది. బీటిల్స్ ఆ ఆగస్టు నెలాఖరు దాకా ఊరూరా కచేరీలు చేశారు. వాటిలో 'రివాల్వర్' పాట ఒక్కటీ వాయించలేదు.

అన్నిటికన్నా ముందు రికార్డు చేసింది, ఆల్బమ్‌లో అన్నిటికన్నా చివర ఉన్న పాట 'టుమారో నెవర్ నోస్'. 1966 ఏప్రిల్ 6న ఈఎమ్‌ఐ వారి అబీ రోడ్ స్టూడియోలో దాన్ని మొదలుపెట్టారు. ఇంజనీరు జెఫ్ ఎమెరిక్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు. ఇంజనీరుగా అప్పుడే పై కుర్చీలోకి వచ్చాడు. రింగో స్టార్ బాస్ డ్రమ్ములో ఉన్ని స్వెట్టరు కుక్కి, స్టూడియో నియమాలు ఒప్పుకోనంత దగ్గరగా మైకు పెట్టాడు. ఆ దెబ్బ గుండెకి తగిలినట్టు వినిపించడానికి ఒక కారణం అదే. కొండ కొమ్మున కూర్చుని దలైలామా మంత్రం చదువుతున్నట్టు తన గొంతు వినిపించాలని జాన్ లెనన్ కోరాడు. హామండ్ ఆర్గన్‌కి వాడే లెస్లీ స్పీకరు పెట్టెలో గిరగిర తిరిగే భాగం ఉంటుంది. పాట రెండో సగంలో అతని గొంతును ఆ పెట్టెలోంచి పంపి, బయటికి వచ్చినదాన్ని మళ్లీ మైకుతో పట్టారు. మొదటి సగంలో గొంతు మామూలుగానే మొదలై, సగం దాటాక నీళ్లలోంచి వస్తున్నట్టు వణకడం జాగ్రత్తగా వింటే తెలుస్తుంది.

మర్నాడు టేపు లూపులు ఎక్కించారు. టేపు ముక్కను గుండ్రంగా అతికి, ఆగకుండా తిరిగేలా చేస్తే లూపు. పాల్ మెకార్ట్‌నీ ఇంట్లో తయారుచేసి తెచ్చిన లూపుల్లో ఐదింటిని ఎంచారు. సముద్రపు పక్షుల అరుపులా వినిపించేది అతని నవ్వే. వేగం పెంచాక అలా మారింది. భవనంలోని వేర్వేరు గదుల్లో యంత్రాలు తిరుగుతుంటే, టేపు వదులు కాకుండా ఉద్యోగులు పెన్సిళ్లతో లాగి పట్టుకున్నారు. నిర్మాత జార్జ్ మార్టిన్, ఎమెరిక్ మిక్సింగ్ బల్ల దగ్గర ఏ లూపు ఎప్పుడు పైకి రావాలో అప్పటికప్పుడు చేతులతో నడిపారు. ఆ కలయికను మళ్లీ అచ్చం అలాగే రాబట్టడం ఎవరి తరమూ కాదు. రీమాస్టర్ గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈ పాటలో రాక్ వినేవాళ్లకి కొత్తగా, మనకి సొంతంగా ఉన్నది తంబూర. జార్జ్ హారిసన్ మీటిన తంబూర నాదంతోనే పాట మొదలవుతుంది. పాట దాదాపు అంతా ఒకే ఆధారశ్రుతి మీద నిలబడుతుంది. పాశ్చాత్య శ్రోతకి అప్పట్లో ఇది వింత. తీగవాద్యం కింద మంద్రంగా మోగుతుంటే పైన పాట నడవడం మనకి చిన్నప్పటినుంచీ చెవిలో ఉన్నదే. మా మరాఠ్వాడా ఊళ్లలో అఖండ హరినామ సప్తాహం జరిగితే ఏడు రోజులూ వీణ కింద పెట్టరు. రాత్రీ పగలూ ఒకరి తరవాత ఒకరు భుజాన వేసుకుని నిలబడతారు. బిలోలీ, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు తెలుగు కుటుంబాలు కూడా ఆ వంతుల్లో నిలబడతాయి. గోదావరి దిగువన తెలంగాణ ఊళ్లలో ఏకాహ భజనలు ఎరిగినవాళ్లకీ ఆ ఆగని శ్రుతి తెలుసు. అందుకే రాక్‌లో ప్రయోగం అంటే భయపడే తెలుగు శ్రోతకి నేను ఈ పాటే ముందు వినిపిస్తాను. శ్రుతిని పట్టుకుని కూర్చుంటే మిగతా గందరగోళం దానంతట అదే అమరిపోతుంది.

అదే ఆల్బమ్‌లో 'లవ్ యూ టూ' ఇంకొక అడుగు వేసింది. సితార్, తబలా చుట్టూ అల్లిన పాట అది. తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు అట్ట మీదే అచ్చు వేశారు. లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ ద్వారా అతను స్టూడియోకి వచ్చాడు. ఆల్బమ్ విడుదలకి నెల ముందు, 1966 జులైలో, బీటిల్స్ ఢిల్లీలో దిగి సితార్ కొనుక్కెళ్లారు.

ఇక టేపు దగ్గరికి వద్దాం. 1966లో అబీ రోడ్‌లో ఉన్నది నాలుగు ట్రాకుల యంత్రం. డ్రమ్ములు, బాస్, గిటారు చాలాసార్లు ఒకే ట్రాకు మీద పడేవి. ఈ నాలుగు ట్రాకుల్నీ ఏది పైకి, ఏది కిందికి అని తూచి కలిపితే మిక్స్. ఆ మిక్స్ ఎక్కిన టేపే మాస్టర్. ఆ మిక్స్‌ని విప్పకుండా, హెచ్చుతగ్గులు సవరించి కొత్త రికార్డుకి సిద్ధం చేయడం రీమాస్టర్. నాలుగు ట్రాకుల టేపుని మళ్లీ తీసి మొదటినుంచి కలపడం రీమిక్స్. మొదటిది ఉన్న ఫొటోని శుభ్రం చేసి మళ్లీ అచ్చు వేయడం. రెండోది మనుషుల్ని మళ్లీ నిలబెట్టి వేరే ఫొటో తీయడం. రెంటి మీదా ఒకే రకం స్టిక్కరు ఉండటం శ్రోతకి జరుగుతున్న అన్యాయం.

అప్పట్లో ఇంగ్లండ్‌లో ఎక్కువ ఇళ్లలో ఉన్నది ధ్వని అంతా ఒకే స్పీకరులోంచి వచ్చే మోనో యంత్రమే. అందువల్ల బృందం, జార్జ్ మార్టిన్ మోనో మిక్స్ మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టారు. ధ్వనిని రెండు స్పీకర్లకి పంచే స్టీరియో మిక్స్ తరవాత తొందరగా ముగించారు. రెండూ ఒకటి కాదు. 'అయామ్ ఓన్లీ స్లీపింగ్'లో వెనక్కి తిప్పిన గిటారు మోనోలో ఒకచోట వస్తే, స్టీరియోలో మరోచోట వస్తుంది. 'గాట్ టు గెట్ యూ ఇంటూ మై లైఫ్' మోనోలో మరికాసేపు సాగి ఆగుతుంది. 'ఎలినోర్ రిగ్బీ' స్టీరియోలో గొంతు కుడి స్పీకరుకి ఒరిగి ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌తో వింటే ఒక చెవి ఖాళీగా ఉన్నట్టు అనిపించడం మన చెవుల లోపం కాదు.

తరవాత వచ్చినవాటిని ఇప్పుడు వరసలో పెట్టుకోవచ్చు. 1987లో సీడీ వచ్చింది, స్టీరియో. 2009లో డిజిటల్ రీమాస్టర్ వచ్చింది. ఆ డిజిటల్ మాస్టర్ నుంచే 2012లో స్టీరియో వినైల్ అచ్చయింది. 2014 సెప్టెంబరులో వచ్చిన మోనో వినైల్ పద్ధతి వేరు. అబీ రోడ్‌లో షాన్ మాగీ, స్టీవ్ బెర్కోవిట్జ్ అసలు మోనో మాస్టర్ టేపులనే యంత్రం మీదికి ఎక్కించి, మధ్యలో డిజిటల్ మెట్టు లేకుండా నేరుగా రికార్డు గాడి కోశారు. 2022 అక్టోబరులో వచ్చింది రీమిక్స్. జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ చేశాడు.

2022 నాటి పని నిజంగా కొత్తది. 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీ కోసం పీటర్ జాక్సన్ సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఒకే ట్రాకులో ఇరుక్కున్న వాద్యాల్ని వేటికవి విడదీసింది. 'ట్యాక్స్‌మ్యాన్'లో యాభై ఏళ్లకి పైగా ఒకే పక్క అంటుకుని ఉన్న డ్రమ్ములు, బాస్, గిటారు విడివడ్డాయి. వినడానికి హాయిగా ఉంది, బాస్ పుష్టిగా ఉంది. అయినా ఒక తేడా మరిచిపోకూడదు. 1966లో ఆ నలుగురూ విని సరే అన్న తూకం ఇది కాదు. వాళ్లు ఇలాగే ఉండాలనుకున్నారేమో అన్న ఊహ. మంచి ఊహే. దాన్ని 'రివాల్వర్' అని కాక 'రివాల్వర్‌కి 2022 నాటి పాఠం' అని విన్నంతకాలం నాకే అభ్యంతరమూ లేదు.

వినైల్‌కి ఇంకో చిక్కు ఉంది. ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. తిరిగే వేగం మారదు, చుట్టు కొలత మారుతుంది. బయటి అంచున సూది కింద గాడి సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు కదిలితే, లేబుల్ దగ్గర సుమారు 20 సెంటీమీటర్లే కదులుతుంది. అంతే ధ్వనిని సగం కన్నా తక్కువ జాగాలో ఇరికించాలి. అందుకే సైడు చివరి పాటలో తాళాల శబ్దం, గొంతులోని సకారాలు గరగరమంటాయి. 'రివాల్వర్'లో అన్నిటికన్నా దట్టమైన పాట సరిగ్గా ఆ చోటే ఉంది. ఒక్కో సైడు ఇరవై నిమిషాల లోపే కావడం మేలు చేసింది. గాడి మరీ లోపలిదాకా పోవలసిన పని లేదు. సూది అరిగిందో, సూదిని మోసే చేయి సరిగా కుదిరిందో తేల్చుకోవాలంటే రెండో సైడు చివరి మూడు నిమిషాలు పెట్టి చూడండి. అక్కడ తంబూర తంబూరలా వినిపిస్తే మీ యంత్రం బాగున్నట్టే.

180 గ్రాముల రికార్డు అని రాసినంత మాత్రాన ధ్వని మెరుగవదు. బరువు రికార్డుకి నిలకడ ఇస్తుంది, అంతే. మా నాందేడ్‌లో మే నెల ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలు. వినైల్ అంటే పీవీసీ. ఎంత బరువున్నదైనా కిటికీ పక్కనో, కారులోనో పెడితే వంకర తిరుగుతుంది. నిలువుగా, ఎండ తగలని గోడ వైపు పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు.

ఒకటే కొనగలిగితే 2014 మోనో కొనాలని నా తీర్పు. దొరకడం కష్టమే, ధరా ఎక్కువే. దొరక్కపోతే 2022 రీమిక్స్ వినండి, అది రీమిక్స్ అని తెలిసి వినండి. ఏ టేపు నుంచి వచ్చిందో చెప్పని రికార్డుకి మాత్రం డబ్బు పెట్టకండి.

ఇదంతా ఇంగ్లండ్ సంగతి అని వదిలేయలేం. అదే 1966లో, డిసెంబరు 15న, మద్రాసులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తన మొదటి సినిమా పాట పాడారు. 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం ఎస్.పి. కోదండపాణి పాడించారు. పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య కూడా ఆ పాటలో ఉన్నారు. అప్పట్లో గాయకులు, వాద్యబృందం ఒకేసారి పాడి వాయించాలి, తప్పు వస్తే మళ్లీ మొదటినుంచి. రికార్డు చేసిన టేపును పని అయ్యాక చెరిపి వాడుకునేవారు. ఈ కుర్రాడి గొంతు మిగతా సంగీత దర్శకులకి వినిపించాలని, ఆ టేపును చెరపకుండా ఏడాది పాటు ఉంచమని కోదండపాణి విజయా గార్డెన్స్ ఇంజనీరు స్వామినాథన్‌కి చెప్పి ఒప్పించారు. బాలు జీవితాంతం చెప్పుకున్న సంగతి ఇది. అబీ రోడ్‌లో నాలుగు ట్రాకుల టేపులు అలమారల్లో భద్రంగా ఉన్నాయి కనక 2022లో జైల్స్ మార్టిన్ వాటిని తీయగలిగాడు. మన దగ్గర ఒక టేపు ఏడాది నిలవడానికి ఒక సంగీత దర్శకుడు అడగవలసి వచ్చింది.

కాబట్టి చాలా తెలుగు పాటలకి ఇవాళ అసలు టేపుకి బదులు మిగిలింది అచ్చయిన రికార్డే. బీటిల్స్‌వైనా, ఘంటసాలవైనా, ఇక్కడి హెచ్‌ఎమ్‌వీ రికార్డులు తయారైంది కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలోనే. నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. రైలు మార్గం ఒకటి, చుట్టరికాలు ఒకటి. ఆ రోజుల పెళ్లిళ్లకీ పండగలకీ కొన్న రికార్డులు ఇక్కడి తెలుగు ఇళ్ల అటకల మీద ఇంకా ఉండవచ్చు. దయచేసి వాటిని పాత సామాను వాళ్లకి వేయకండి. 78 చుట్ల లక్క రికార్డుల మీద ఎల్పీ సూది పెట్టి వాయించకండి. వాటి గాడి ఎల్పీ గాడి కన్నా దాదాపు మూడింతలు వెడల్పు, దానికి వేరే సూది కావాలి. ఆ సూది ఉన్నవాళ్ల చేత ఒక్కసారి డిజిటల్‌లోకి ఎక్కించండి. అట్టనీ, లేబుల్‌నీ ఫొటో తీసి పెట్టండి, లేబుల్ మీది నంబరు స్పష్టంగా కనపడేలా.

పాత తెలుగు పాటల్ని మళ్లీ వినైల్ మీద తెస్తున్న కంపెనీలకి నా విన్నపం ఒకటే. అట్ట వెనక ఒక్క వాక్యం అచ్చు వేయండి: ఈ పాటని మేము మాస్టర్ టేపు నుంచి తీశాము, లేదా సినిమా ప్రింటు నుంచి, లేదా పాత రికార్డు నుంచి. డబ్బు పెట్టే శ్రోతకి ఆ వాక్యం చదివే హక్కు ఉంది.