బూజు పట్టిన పచ్చడి

వేసవిలో మామిడికాయ వచ్చినదనగానే గుంటూరు, ప్రకాశము సీమలలో ఇంటింట ఆవకాయ పెట్టుదురు. ఏడాదికి సరిపడు పచ్చడిని జాడీల కెత్తి, వాసెన కట్టి భద్రపరతురు. వర్షాకాలమున వాసెన విప్పి చూడగా ఒక్కొక్క జాడీలో పైన తెల్లని నూగువంటి పొర కనబడును. అంతట వాదము మొదలగును. “పైపొర తీసివేసి తినవచ్చును” అని నాయనమ్మ యనును. “అంతయు పారవేయవలెను” అని పట్టణమున చదువుకొను మనుమరా లనును. కూర లేని పూట అన్నములోనికి పచ్చడియే ఆధారమైన కుటుంబములు నేటికిని గలవు. వారికి జాడీడు పచ్చడి పారవేయుట చిన్న నష్టము కాదు. కనుక ఈ వాదమును నవ్వి త్రోసివేయరాదు.

బూజు అనగా ఒక జాతి శిలీంధ్రము. దాని సూక్ష్మబీజములు గాలిలో నెల్లప్పుడును తేలుచుండును. తడియు, గాలియు, వెచ్చదనమును దొరకిన చోట అవి మొలకెత్తి, కంటికి కనబడని సన్నని దారములను పదార్థములోనికి పంపును. మనకు పైన కనబడు నూగు చేనిమీది పైరు వంటిది. వేళ్ళు లోపల నుండును. అవి ఎంత లోతునకు పోయినవన్నదే అసలు ప్రశ్న.

పాశ్చాత్య దేశములలో ఇదే ప్రశ్న చీజును గూర్చి పుట్టినది. పాలను విరిచి, నీరు పిండి, అచ్చుగా నొత్తి, నెలల తరబడి మాగవేసిన గట్టి చీజులో తడి తక్కువ. బూజు దారములు అందులో లోతుగా చొరజాలవు. కావున బూజు పట్టిన చోట చుట్టును, క్రిందను ఒక అంగుళము మేర కోసివేసి, కత్తి బూజునకు తగులకుండ చూచుకొని, మిగిలినది తినవచ్చునని అమెరికా వ్యవసాయ శాఖ వారు చెప్పుచున్నారు. మెత్తని చీజునకు గాని, తురిమిన చీజునకు గాని ఈ సడలింపు లేదు. ఫ్రాన్సు దేశపు రోక్‌ఫోర్ చీజునకు నీలి బూజును కోరి పట్టింతురు. అది ఎంచి తెచ్చుకొన్న బూజు. మన జాడీలోనిది పిలువని పేరంటము.

ఆవకాయ గట్టి చీజు వంటిది కాదు. అందు ఊట గలదు; గరిటె త్రిప్పినంతనే పైది క్రిందికి పోవును. మనుమరాలి మాటయే నిజము. అయితే బూజు రాకుండ చూచు విద్య నాయనమ్మదే. ముక్కలను పొడిగుడ్డతో తుడుచుట, ఉప్పు తగ్గింపకుండుట, తడిగరిటె ముంచనీయకుండుట, ముక్కలు మునుగునట్లు నూనె పోయుట—వీనిలో ఒక్కటియు మూఢాచారము కాదు. నూనె క్రింద గాలి చొరదు. గాలి లేనిదే బూజు పెరుగదు.

బూజులన్నియు ఒక్క తీరువి కావు. 1928లో ఫ్లెమింగు పెనిసిలిన్‌ను కనుగొన్నది బూజునుండియే. కాని 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు చచ్చిపోయినవి. వానికి పెట్టిన వేరుసెనగ చెక్కలో ఒక పసుపుపచ్చని బూజు పెరిగి విషమును విడిచినదని పరిశోధకులు తేల్చిరి. ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు. అది కాలేయమును చెరచును. కొద్దికొద్దిగా చిరకాలము లోనికి పోయినచో పుండువ్యాధికి, అనగా క్యాన్సరునకు, దారితీయును. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది మరణించిరి. ఆ సంగతిని పరిశీలించినవారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు. కడిగినను, వండినను ఈ విషము పూర్తిగా నశింపదు. బూజు రాలిపోయిన పిమ్మటను అది మిగిలియుండును.

మన మిరపకు ఈ భయము గలదు. కల్లములో ఆరబోసిన కాయపై మంచు పడినను, అకాలవర్షము కురిసినను, తూకము పెరుగుటకై ఎవరైన నీరు చల్లినను, బస్తాలో బూజు పుట్టును. ఐరోపా దేశములవారు కిలో మిరపలో అఫ్లటాక్సిన్ మొత్తము 10 మైక్రోగ్రాములు మించరాదని నియమించిరి. అనగా వంద కోట్ల పాళ్ళలో 10 పాళ్ళు! అంతకు మించిన సరకు రేవునుండి తిరిగిరావలసినదే. ఆ నష్టము చివరకు రైతు నెత్తికే వచ్చును. కారముగా దంచిన పిమ్మట బూజు కాయ యేదో, మంచి కాయ యేదో ఎవరికిని తెలియదు, దంచకముందే ఏరవలెను.

“మనకు పనికిరానిది గేదెకు పెట్టుదము” అను మాట పల్లెలలో తరచు వినబడును. పత్తిగింజల చెక్కకు గాని, వేరుసెనగ చెక్కకు గాని ఈ బూజు పట్టినచో, విషములో కొంత రూపుమారి పాలలోనికి దిగును. పాలను కాచినను పోదు. ఆ పాలతో చీజు చేసినచో పాలలో కంటె చిక్కగా చేరును. అప్పుడు అంగుళము కోసివేసినను ప్రయోజనము లేదు. అట్టి చెక్క గేదె తొట్టికి గాక ఎరువుగుంతకు పోవలసినది.