క్యూసెక్కులు, టి.ఎం.సి.లు, కలన గణితము

వర్షకాలము వచ్చినదనగా మన ఇండ్లలో రేడియో వార్తలను చెవియొగ్గి వినుట పరిపాటి. శ్రీశైలమునకు ఎన్ని లక్షల క్యూసెక్కుల నీరు వచ్చుచున్నది, ఎంత దిగువకు వదలుచున్నారు, జలాశయమున ఎన్ని టి.ఎం.సి.లు నిలిచినవి, నీటిమట్టము ఎన్ని అడుగులకు చేరినది అను నాలుగు సంఖ్యలను ఆసక్తితో విననివారు కర్నూలు, కడప జిల్లాలలో అరుదు. ఆ ఇంటిలోనే, ప్రక్క గదిలో, ఇంటర్మీడియెట్ చదువుచున్న అమ్మాయి అవకలన సూత్రములను వల్లె వేయుచుండును. తండ్రి వినుచున్నదియు, బిడ్డ వల్లించుచున్నదియు ఒకే శాస్త్రమునకు సంబంధించినవని ఇద్దరిలో ఎవరికిని తోచదు. ఆ సంగతిని విప్పి చెప్పుటయే ఈ ప్రసంగములో మా ఉద్దేశము.

క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అది వేగము. టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. అది నిలువ. ఒక దినమునకు 86,400 సెకనులు గనుక, లక్ష క్యూసెక్కుల ప్రవాహము దినమంతయు మారక సాగినచో 864 కోట్ల ఘనపుటడుగులు, అనగా 8.64 టి.ఎం.సి.లు చేరును. ఇంతవరకు ఇది హెచ్చవేతయే. కాని నది దినమంతయు ఒకే తీరున పారదు. క్షణక్షణమునకు మారు వేగమునుండి మొత్తమును రాబట్టుట సమాకలనము. మొత్తము మారుచున్న తీరును బట్టి ఒకానొక క్షణమున ఎంత వేగముతో మారుచున్నదో కనుగొనుట అవకలనము. ఈ రెండును ఒకదానికొకటి విలోమములు. ఈ రెండింటి కలయికయే కలన గణితము. గ్రహముల తాత్కాలిక గతిని గూర్చి పన్నెండవ శతాబ్దమున భాస్కరాచార్యుడు విచారించెను. పదునేడవ శతాబ్దమున న్యూటను, లైబ్నిట్జు దీనిని పూర్ణశాస్త్రముగా తీర్చిరి.

దీని ప్రయోజనమును కర్నూలువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరు మొదటివారమున తుంగభద్ర, హంద్రి నదులు పొంగి పట్టణమును ముంచెత్తినవి. సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదను లెక్కలోనికి తీసికొని కట్టిన శ్రీశైలము ఆనకట్టకు 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినది. 885 అడుగులు పూర్తిమట్టము కాగా, నీరు 896 అడుగులను దాటినది. అట్టి సమయమున ప్రజల మనస్సున మెదలు ప్రశ్న ఒక్కటే: వరద తగ్గుముఖము పట్టినదనుచున్నారే, మట్టము ఇంకను ఎందుకు పెరుగుచున్నది?

ఊహకు ఒక చిన్న లెక్క తీసికొందము. జలాశయమునకు నాలుగు లక్షల క్యూసెక్కులు వచ్చుచున్నవి. మూడు లక్షలు దిగువకు పోవుచున్నవి. లోపలికి వచ్చు నీరు క్రమముగా తగ్గుచు, ఒక దినమునకు సరిగా మూడు లక్షలకు దిగినదనుకొందము. వరద ఉదయమునుండియే తగ్గుచున్నది. ఐనను బయటికి పోవుదానికన్న వచ్చునది ఎక్కువగా ఉన్నంతవరకు నిలువ పెరుగుచునే యుండును. రెండును సమానమైన క్షణముననే మట్టము గరిష్ఠమగును. ఆ దినమున చేరిన నీరెంత? హెచ్చు వేగము లక్షతో మొదలై సున్నతో ముగిసినది గనుక సగటు అర లక్ష, అనగా 4.32 టి.ఎం.సి.లు. కాగితముపై గీచినచో ఇది ఒక త్రిభుజపు వైశాల్యము. గీత వంకర తిరిగినప్పుడు ఆ వైశాల్యమును కట్టుటకే సమాకలనము కావలసి వచ్చును. అవకలజము సున్న యగుచోట గరిష్ఠమో కనిష్ఠమో ఉండవచ్చునని పాఠ్యపుస్తకము చెప్పు మాటకు అర్థమిదియే.

ఇక పరీక్షల సంగతి. మన రాష్ట్రమున పదవ తరగతి దాటి ఎం.పి.సి.లో చేరిన బాలబాలికలు పదునారు, పదునేడేండ్ల ప్రాయముననే ఈ శాస్త్రమును చదువవలసియున్నది. మొదటి సంవత్సరమున అవధులు, అవకలనము. రెండవ సంవత్సరమున సమాకలనము, అవకల సమీకరణములు. అటుపిమ్మట ప్రవేశ పరీక్ష. ఈ.ఎ.పి.సెట్ ఇంజనీరింగు పరీక్షయందు మూడు గంటలలో 160 ప్రశ్నలు. వానిలో 80 గణితమునకు చెందినవి. ఒక్కొక్క ప్రశ్నకు లభించు కాలము నిమిషమునకు కొంచెము ఎక్కువ. నాలుగు జవాబులలో సరియైన దానిని గుర్తించినచో చాలును, ఎందుకో చెప్పనక్కరలేదు. లక్షలమంది వ్రాయు పరీక్షకు ఈ పద్ధతి తప్పదేమో. కాని దాని నీడ తరగతి గదిపై పడుచున్నది. సూత్రము తెలిసి, నీటిమట్టము తెలియని విద్యార్థి తయారగుచున్నాడు.

అమెరికాలోను ఉన్నత పాఠశాల విద్యార్థులకు కళాశాల స్థాయి కలన గణితమున పరీక్ష కలదు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అను ఆ పరీక్షలను కాలేజ్ బోర్డు అను సంస్థ 1956 నుండి జరుపుచున్నది. 1969లో కలన గణిత పరీక్ష ఎ.బి., బి.సి. అను రెండు తరగతులైనది. తగిన అంకము వచ్చినచో పెక్కు కళాశాలలు ఆ మేరకు మొదటి సంవత్సరపు పాఠమును మినహాయించును. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలును దీనిని వ్రాయుదురు. 2025లో జరిగిన పరీక్షయందు 45 బహుళైచ్ఛిక ప్రశ్నలు, వివరముగా వ్రాయవలసినవి ఆరు. రెండు భాగములకును సమానమైన విలువ. వివరముగా వ్రాయు ప్రశ్నలలో తరచుగా కనబడునది, ఒక తొట్టిలోనికి నీరు ఒక వేగమున వచ్చుచు మరియొక వేగమున పోవుచున్నప్పుడు నిలువ ఎప్పుడు గరిష్ఠమగునని అడుగునట్టిది. అది మన శ్రీశైలపు ప్రశ్నయే! అచ్చట సంఖ్య మాత్రము వ్రాసిన చాలదు. కారణమును చెప్పవలెను, ప్రమాణమును పేర్కొనవలెను.

ఆ పరీక్ష చరిత్రలో ఒక ఘట్టము మనకు ఆలోచింపదగినది. లాస్ ఏంజెలెస్ నగరమునకు తూర్పున గార్‌ఫీల్డ్ ఉన్నత పాఠశాల పేద కార్మికుల బిడ్డలు చదువు బడి. బొలీవియా దేశమునుండి వచ్చిన హైమే ఎస్కలాంటే అను ఉపాధ్యాయుడు అచ్చట కలన గణితము బోధించెను. 1982లో ఆయన శిష్యులు పదునెనిమిదిమంది పరీక్ష వ్రాసి, అందరును ఉత్తీర్ణులైరి. పరీక్షాధికారులు పదునలుగురి జవాబులను సందేహించిరి. వారిలో పన్నెండుమంది తిరిగి పరీక్ష వ్రాసి, పన్నెండుగురును ఉత్తీర్ణులైరి. ఈ కథ చలనచిత్రముగా గూడ వచ్చినది. కాని చిత్రమున చూపుటకు వీలుకానిది ఒకటి కలదు. ఆ విజయము ఒక ఏటిలో వచ్చినది కాదు. ఆ ఉపాధ్యాయుడు కొన్ని సంవత్సరములపాటు క్రింది తరగతుల బీజగణితమును చక్కబరచి, సెలవులలో పాఠములు చెప్పి, మెట్టుమెట్టుగా పిల్లలను పైకి తెచ్చెను. పునాది లేక పైయంతస్తు నిలువదను మాట గణితమునకు మరింతగా వర్తించును.

మన సీమలో ఈ మెట్లను కట్టు ప్రయత్నము ఒకటి కడప జిల్లా ఇడుపులపాయలో కనబడును. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధి వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని ఆరేండ్లు చదివించును. అందు మొదటి రెండేండ్లు ప్రీ-యూనివర్సిటీ చదువు. తరువాత నాలుగేండ్లు ఇంజనీరింగు. నడుమ ఈ.ఎ.పి.సెట్ గడప లేదు. పల్లెనుండి వచ్చిన బిడ్డ విశ్వవిద్యాలయపు ఆవరణముననే కలన గణితముతో పరిచయము చేసికొనుచున్నాడు. ఇది మేలైన మార్గము. కాని ఇచ్చటి స్థలములు పరిమితములు. తక్కిన పిల్లలు ఊరికి దగ్గరనున్న జూనియర్ కళాశాలలలోనే ఈ మెట్టు ఎక్కవలసియున్నది.

వారికి మరియొక చిక్కు భాష. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియెట్ పాఠ్యగ్రంథములను తెలుగున వెలువరించి, అవధి, ప్రమేయము, అవకలజము, సమాకలని వంటి మాటలను వాడుకలోనికి తెచ్చినది. కేంద్రప్రభుత్వపు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను గూడ 2021 నుండి తెలుగున వ్రాయుటకు వీలు కలిగినది. ఐనను ఇంజనీరింగు తరగతులలో పాఠము ఇంగ్లీషుననే నడచును. కావున రెండు భాషల మాటలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చదువుట మంచిది. భావము ఇంటిభాషలో నాటుకొన్నచో, పేరు ఏ భాషలోనైనను పట్టుబడును.

తల్లిదండ్రులకు మేము మనవి చేయునది స్వల్పము. బిడ్డ కలన గణితమున వెనుకబడినచో, లోపము చాలమారులు కలన గణితమున ఉండదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల బీజగణితమున, భిన్నములలో, రేఖాచిత్రములలో ఉండును. అచ్చటికి వెనుదిరిగి నెల దినములు గడుపుట వ్యర్థము కాదు. వారమునకు ఒక్క లెక్కనైనను జవాబుతో సరిపెట్టక, ఎందుకో పూర్తి వాక్యములలో వ్రాయుమనవలెను. మీకు గణితము రాకున్నను, ఆ వాక్యములు అర్థమగుచున్నవో లేదో మీరు చెప్పగలరు.

నేటి రాత్రి వార్తలలో జలాశయముల సంగతి వచ్చినప్పుడు ఆ అమ్మాయిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వచ్చునదెంత, పోవునదెంత అని వినిపించి, రేపటికి నిలువ ఎంత కాగలదో చెప్పుమని అడుగుడు. మరునాటి వార్తలతో ఆమె లెక్కను సరిచూచుకొనుడు. తేడా వచ్చినచో నిరాశ పడనక్కరలేదు. ప్రవాహము నడుమ ఎట్లు మారినదో వెదకుటయే ఆమెకు అసలైన పాఠమగును.