దమ్ము చక్రాలు, ట్రక్కు పిన్ను, కాలువ కట్ట

కాలువకు నీళ్ళు వదిలారన్న కబురు వస్తే చాలు, తెనాలి మొదలు రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా ట్రాక్టర్లకు రాత్రీ పగలూ తెలియదు. ఒకప్పుడు ఎడ్లూ దున్నపోతులూ చేసిన దమ్మును ఇప్పుడు యీ యంత్రమే చేస్తున్నది. మన కాలేజీలో చదివే రైతుబిడ్డలం చాలామందిమి ట్రాక్టరు తోలగలం. నేనూ సెలవుల్లో మా నాన్నకు సాయంగా దమ్ములోకి దిగేవాణ్ణే. అయితే తోలడం వేరు. అది బురదలో ఎందుకు నడుస్తుందో, కట్ట మీద ఎందుకు తిరగబడుతుందో తెలియడం వేరు. మొదటిది పొలంలో నేర్చుకుంటాం. రెండవది మన భౌతికశాస్త్రం పుస్తకంలోనే వున్నది. ఆ రెంటినీ ఒకచోట చేర్చి చెప్పాలన్నదే నా ప్రయత్నం.

బురదలో నడక

కాలు దిగబడేచోట ఒక పలక వేసుకొని నిలబడితే దిగబడం. మన బరువు తగ్గలేదు, ఆనే జాగా పెరిగింది. కనుక పీడనం తగ్గింది. మంచుదేశాల్లో వాడే స్నోమొబైల్ అనే బండికి చక్రాలకు బదులు ముందు స్కీలు, వెనుక వెడల్పాటి పట్టా వుండడం ఇందుకే. 1934 చలికాలంలో కెనడాలో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్కు, జబ్బుపడ్డ పసికొడుకును మంచులో ఆస్పత్రికి చేర్చే బండి లేక బిడ్డను పోగొట్టుకున్నాడు. మంచు బండ్ల మీద పట్టుదలగా పనిచేసిన ఆయన కంపెనీయే 1959లో ‘స్కీ-డూ’ను తయారుచేసింది.

మన దమ్ము చక్రానిదీ అదే సూత్రం. వెడల్పు వల్ల బరువు పంచుకుంటుంది, ఇనుప పట్టీలతో బురదను పట్టి వెనక్కు నెడుతుంది. పైగా మట్టిని మెత్తగా చిలకడంతో సన్నని బంకమట్టి రేణువులు సందులను పూడ్చేస్తాయి. మడిలో నీరు తొందరగా ఇంకదు. ఇంత మంచి చక్రమూ తారురోడ్డు ఎక్కితే శత్రువే. పట్టీలు రోడ్డును చీలుస్తాయి, ఇనుముకు తారు మీద పట్టు దొరకదు. కనుక వాటిని ట్రక్కులో వేసుకొని వెళ్ళి, పొలం దగ్గరే బిగించుకోవాలి.

వెనక్కు తిరగబడడం

వెనుక చక్రాలు బురదలో కూరుకుపోయినపుడు మనవాళ్ళు చేసే మొదటి పని, చక్రానికి అడ్డంగా ఒక దుంగ కట్టి యాక్సిలేటర్ తొక్కడం. ఇది ప్రాణాంతకం. ఇంజను చక్రాన్ని తిప్పాలని చూస్తుంది. చక్రం కదలలేకపోతే ఆ బలమే బండి శరీరాన్ని ఇరుసు చుట్టూ పైకి తిప్పుతుంది. ముందు చక్రాలు లేచిన తర్వాత రెండు సెకన్లు కూడా పట్టదు, ట్రాక్టరు డ్రైవరు మీదికే వస్తుంది. మా ఊళ్ళో ఒకసారి ముక్కు లేచిన బండిని చూశాను. డ్రైవరు వెంటనే క్లచ్ తొక్కబట్టి బతికిపోయాడు.

కూరుకుపోతే ముందుగా రివర్సులో వచ్చిన దారినే వెనక్కు రావాలి. రాకపోతే చక్రాల ముందు బురద తవ్వి, ఇంకొక ట్రాక్టరుతో లాగించాలి. లాగే బండికి గొలుసును ఎప్పుడూ కింద వుండే డ్రాబారుకే కట్టాలి. ఇరుసుకన్నా ఎత్తులో కడితే లాగే బండి ముక్కు కూడా లేస్తుంది.

హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన మూడు చేతుల లింకేజి యీ ప్రమాదాన్ని చాలావరకు తగ్గించింది. నాగలికి ఏదైనా అడ్డం తగిలితే పైచేయి ట్రాక్టరు ముందుభాగాన్ని కిందికి నొక్కిపెడుతుంది. నేడు మన ట్రాక్టర్లన్నిటి వెనుకా వుండేది ఆ ఏర్పాటే. ఐతే ట్రక్కు లాగేటప్పుడు ఆ రక్షణ పనిచేయదు.

పక్కకు తిరగబడడం

దుగ్గిరాల దగ్గర చీలిన కాలువలు తెనాలి గుండా, కొమ్మమూరు కాలువ బాపట్ల వైపుగా పోతున్నాయి. వాటి కట్టలే మనకు రోడ్లు. కట్ట అంచు పైకి గట్టిగా కనిపించినా లోపల నాని వుంటుంది. కాలువ ఎంత లోతుంటే, అంచు నుంచి కనీసం అంత దూరంలో చక్రం వుండాలన్నది మంచి లెక్క.

ఒక చిన్న లెక్క చూద్దాం. ట్రక్కు చక్రాల మధ్య వెడల్పు 1.6 మీటర్లు, గరిమనాభి నేల నుంచి 1 మీటరు ఎత్తున వున్నదనుకుందాం. నిలిచివున్న ట్రక్కు సుమారు 39 డిగ్రీలు ఒరిగితే గాని పడిపోదు. దానిమీద గడ్డి ఎత్తుగా వేసినా, మనుషులు నిలబడినా గరిమనాభి పైకి జరుగుతుంది. అది 1.6 మీటర్లకు చేరితే 27 డిగ్రీల ఒరుగుడుకే పడిపోతుంది. ఇక మలుపు తిరిగేటప్పుడు బయటికి నెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10 కిలోమీటర్ల వేగం 20 అయితే ఆ బలం రెండింతలు కాదు, నాలుగింతలు!

ట్రక్కు సంగతి

ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. బస్తాలతో నిండిన ట్రక్కు అంతకు రెండింతలు వుండవచ్చు. చాలా ట్రక్కులకు బ్రేకులే వుండవు. వంతెన దిగేటప్పుడు ట్రాక్టరు ఆగాలని చూస్తుంది, వెనుకనున్న ట్రక్కు ఆగనంటుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగడం మనవాళ్ళ అలవాటు. అప్పుడు ఇంజను పట్టు కూడా పోయి, ట్రక్కు ట్రాక్టరును అడ్డం తిప్పేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగాలి.

ఇంకొకటి. పొలంలో చప్పున మలుపు తిరగడానికి ఎడమ, కుడి బ్రేకులు విడివిడిగా వుంటాయి. రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్ళను కలిపే గొళ్ళెం వేయాలి. లేకుంటే ఒక్క పెడలే పడి బండి పక్కకు లాగేస్తుంది.

షెడ్డుకు పోకముందే

దమ్ము ముగిశాక ట్రాక్టర్లు తెనాలి మెకానిక్ షెడ్ల ముందు వరుస కడతాయి. చాలా మరమ్మతులు ఇంటి దగ్గర అరగంట శ్రద్ధతో తప్పించగలిగినవే. దమ్ములో బురద ఇరుసు సీళ్ళను తినేస్తుంది. రోజూ కడిగి, గ్రీజు పెట్టి, సీలు దగ్గర నూనె కారుతున్నదేమో చూడాలి. ఎయిర్ క్లీనరులో నూనె మార్చాలి. డీజిలు ఫిల్టరు కింద చేరిన నీటిని వదలాలి. ట్రక్కుకు ఐతే హుక్కు పిన్ను అరిగిందా, దానికి అడ్డుచీల వున్నదా, చక్రం నట్లు బిగువుగా వున్నాయా, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు బురద లేకుండా కనిపిస్తున్నాయా అన్నది చూడాలి. పిన్నుకు బదులు ఇనుప కడ్డీ ముక్క దోపి నడిపేవారిని నేను చూశాను. పది రూపాయల పొదుపుకు పది ప్రాణాలు పణం పెట్టడం కాదా ఇది?

రోటవేటరు తిప్పే పి.టి.ఓ. షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 సార్లు, అనగా సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. పంచె చెంగు, చీర కొంగు, తువ్వాలు దానికి చిక్కితే చెయ్యి వెనక్కు తీసుకునే వ్యవధి వుండదు. దానిమీది కప్పును తీసేయకూడదు. ఇంజను ఆపనిదే దగ్గరికి పోకూడదు.

మనుషులు సరుకు కాదు

2018 జూన్‌లో తెలంగాణాలోని వేములకొండ దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది చనిపోయారు. వారిలో అత్యధికులు స్త్రీలు. 2023 జూన్‌లో మన గుంటూరు జిల్లాలోనే, వట్టిచెరుకూరు మండలంలో, శుభకార్యానికి పోతున్న ట్రాక్టరు తిరగబడి కనీసం ఆరుగురు మరణించారు. ట్రక్కు బోర్లాపడితే లోపలివారికి దూకే దారి వుండదు. అడుగున కాలువ వుంటే ఊపిరి తీసుకునే దారీ వుండదు.

మా అమ్మా, మా పిన్నీ మినుము తీతకు పోయేది ట్రక్కులోనే. నేను వద్దంటే మా బాబాయి, “ఏముందిలేరా, రోజూ పోయే దారేగా!” అంటాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. బస్సు పోని పొలాలకు కూలీలు ఎలా పోవాలన్న ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆటోకు డబ్బులు ఎవరు పెట్టుకుంటారన్నది ప్రతి ఇంట్లో వచ్చే పేచీయే. కానీ రోజూ పోయే దారి అన్నంత మాత్రాన గరిమనాభి కిందికి దిగదు కదా! మనుషుల్ని ఎక్కించక తప్పని రోజున అందరూ ట్రక్కు అడుగున కూర్చోవాలి, మడ్‌గార్డు మీద ఎవరినీ ఎక్కనీయకూడదు, కట్ట మీద రెండో గేరు దాటకూడదు. ఇలా చేస్తే ప్రమాదం తగ్గుతుందే గాని పోదు. పోవాలంటే మనుషుల్ని వేరే బండిలోనే పంపాలి.

స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లన్నిటికీ డ్రైవరును కాపాడే ఉక్కు చట్రం తప్పనిసరి చేసింది. మన పొలాల్లో అది వున్న బండ్లు అరుదుగా కనిపిస్తాయి. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి, వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల 1983 నుంచి వున్నాయి. అక్కడి విద్యార్థులూ మనమూ కలిసి దమ్ములకు ముందు ఒక్క ఆదివారం ఊరూరా తిరిగి, ట్రక్కు పిన్నులూ రిఫ్లెక్టర్లూ చూసి, యీ నాలుగు మాటలు చెప్పి రాలేమా? ఖర్చు లేదు, సెలవు పెట్టనక్కరలేదు. వచ్చే ఏడాది విద్యార్థి సంఘం దీన్ని తన పనుల్లో ఒకటిగా చేర్చుకోవాలని కోరుతున్నాను. మా ఊరికి వస్తే మొదట చూడవలసిన ట్రక్కు మా బాబాయిదే.