థైరాయిడ్ వ్యాధి – పథ్యాపథ్య విచారణ

మన సమాజంలో ఔషధంకన్నా పథ్యానికే గౌరవం ఎక్కువ. రోగికి మందు పేరు గుర్తుండకపోవచ్చుగాని, "ఏమేమి తినకూడదు?" అన్న ప్రశ్న మాత్రం వైద్యుని గడప దాటకముందే నోటికి వస్తుంది. వైద్యుడు చెప్పకపోయినా చెప్పేవారికి కొదువలేదు. థైరాయిడ్ లోపమని తేలిన అమ్మాయి ఇల్లు చేరేసరికి క్యాబేజీ, ముల్లంగి, పాలు, చేప, వేరుసెనగ ఒక్కొక్కటే ఆమె కంచంలోనుండి తొలగిపోతాయి. మాత్ర మాత్రం ఏ వేళకో, టీతోబాటు గొంతు దిగుతుంది. నేను భాషాబోధకుడనేగాని వైద్యుడను కాను. అయినా చదివి తెలుసుకున్నంతలో ఈ తారుమారు వ్యవహారాన్ని విచారించడం అవసరమని తోచింది. ఈ వ్యాధిలో నిషేధాల పట్టిక చాలా చిన్నది. వేళ నియమమే పెద్దది.

మన పాఠ్యపుస్తకాలలో దీనికి 'అవటు గ్రంథి' అని పేరు. సంస్కృతంలో 'అవటువు' అంటే మెడ వెనుక భాగం. గ్రంథి ఉన్నదేమో ముందువైపున, స్వరపేటికకు దిగువన, సీతాకోకచిలుక ఆకారంలో. పారిభాషిక పదకర్తలకు ఒక నమస్కారం చేసి ముందుకు సాగుదాం. సుమారు 20 గ్రాముల బరువుండే ఈ గ్రంథి రక్తంలోని అయోడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. ఆ హార్మోను ఒక్కొక్క అణువులో 4 అయోడిన్ పరమాణువులుంటాయి. శరీరపు వేడి, గుండె వేగం, జీర్ణక్రియ, శిశువు మెదడు పెరుగుదల దీనిపై ఆధారపడినవే. హార్మోను తగ్గితే నీరసం, చలికి ఓర్వలేమి, మలబద్ధకం, ఋతుక్రమంలో తేడాలు. పెరిగితే గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం. పరస్పర విరుద్ధమైన ఈ రెండింటినీ మనవాళ్ళు "థైరాయిడ్ ఉంది" అన్న ఒకే మాటతో సరిపెడతారు. ఆ గ్రంథి అందరికీ ఉన్నదే! ఏ రకమో తెలియనిదే ఆహారం గురించి మాట్లాడడం వ్యర్థం.

గళగండమన్నా, ఉర్దూలో ఘేంఘా అన్నా మెడముందు వాపే. అయోడిన్ చాలని ప్రాంతాలలో ఇది తరతరాల శాపం. శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ఈ విషయంలో చేసిన సేవ తెలుగువారు గర్వించదగినది. హిమాచల్ ప్రాంతపు కాంగ్డా లోయలో 1956లో ఆయన బృందం ఒక పరిశోధన ప్రారంభించింది. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ చేర్చిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. కొన్నేళ్ళకు మొదటి రెండు మండలాల పిల్లలలో గళగండం గణనీయంగా తగ్గింది. 1962లో ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ కార్యక్రమాన్ని చేపట్టింది. అయోడిన్ లేని ఉప్పును వంటకై అమ్మరాదన్న నిషేధం మధ్యలో కొంతకాలం సడలి, 2006లో తిరిగి అమలులోకి వచ్చింది.

పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, గర్భిణులకు 250. వినియోగదారుని చేరేనాటికి ఒక గ్రాము ఉప్పులో కనీసం 15 మైక్రోగ్రాములుండాలని నిబంధన. 5 గ్రాముల ఉప్పు తింటే 75 వస్తాయి. మిగిలినది పాలు, గుడ్లు, సముద్రపు చేపలు పూడుస్తాయి. అందుచేత అయోడిన్ కోసం ఉప్పు ఎక్కువ తినడం అవివేకం. ఉప్పు సముద్రంనుండి వచ్చినదే కదా, అందులో అయోడిన్ ఉండదా అని కొందరి వాదన. నౌపడ మళ్ళలో పండినదైనా సరే, విడిగా చేర్చకపోతే కళ్ళుప్పులో అయోడిన్ అత్యల్పం. నేడు ఆరోగ్యం పేరిట ఖరీదుపెట్టి కొంటున్న సైంధవ లవణం కూడా ఇంతే. కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం: వసతిగృహపు వంటశాలకు బస్తాల కళ్ళుప్పు కాక అయోడిన్ ఉప్పునే తెప్పించి, తడి తగలని మూతపాత్రలో ఉంచే ఏర్పాటు చేయవలసినది.

అయితే ఉప్పు నివారణోపాయమేగాని అన్ని థైరాయిడ్ లోపాలకూ చికిత్స కాదు. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన వ్యాధిలో శరీర రక్షణవ్యవస్థయే గ్రంథిపై దాడి చేస్తుంది. అటువంటివారికి అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు గుళికలు మేలు చేయకపోగా కీడు చేయవచ్చు.

ఇక పాపం క్యాబేజీ! క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలలోని కొన్ని పదార్థాలు అయోడిన్ వినియోగానికి అడ్డువస్తాయన్నది నిజమే. కాని ఉడికిస్తే ఆ గుణం చాలావరకు తగ్గుతుంది. అయోడిన్ సరిగా అందుతున్నవారు వారానికి రెండు మూడుసార్లు వండుకొని తింటే భయంలేదు. పచ్చిరసం రోజూ గ్లాసులకొద్దీ త్రాగడం తగదు. ఆవకాయలోని ఆవపిండికి భయపడి ఆవకాయ మానిన తెలుగువాణ్ణి నేనింకా చూడలేదు, చూడనవసరమూ లేదు.

అసలు నియమం మాత్రది. థైరాక్సిన్ మాత్రను పరగడుపున, మంచినీటితో, అల్పాహారానికి అరగంటనుండి గంట ముందు వేసుకోవాలి. కాఫీ, టీ, పాలు, సోయా దాని శోషణను తగ్గిస్తాయి. ఇనుము, కాల్షియం మాత్రలకూ దీనికీ మధ్య 4 గంటల వ్యవధి తప్పనిసరి. రక్తహీనతకని ఒక వైద్యుడు, థైరాయిడ్‌కని మరొకరు వ్రాసిన మాత్రలు రెండూ ఒకే గుక్కలో మింగితే థైరాక్సిన్‌లో కొంత వృథా. అలాగని ఇనుము మానరాదు. హార్మోను తయారీకి తోడ్పడే ఎంజైముకు ఇనుము అవసరం.

రంజాను మాసంలో ఈ వేళల నియమం తలక్రిందులవుతుంది. కొందరు నెలపాటు మాత్రనే మానివేస్తారు. ఒకటి రెండు రోజులు తేడా తెలియదు. రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. ఆ లెక్కన 28 రోజులకు మాత్రల వల్ల చేరిన నిల్వలో పదహారవ వంతు మాత్రమే మిగులుతుంది. మానవలసిన అవసరమే లేదు. సహరీకి అరగంట, వీలైతే గంట ముందు లేచి వేసుకోవచ్చు. లేదా రాత్రి భోజనమైన 3 గంటల తరువాత నిద్రకు ముందు వేసుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా నెలంతా దానినే పాటించాలి. ఇఫ్తార్ సమయంలో పండ్లు, హలీముతోబాటు మింగడం మాత్రం కూడదు. మాసం రాకముందే వైద్యుని అడగడం మంచిది.

హార్మోను లోపంవల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. అందులోనూ ఉప్పు, నీరు పాలే ఎక్కువ. మిగిలిన బరువుకు అన్నం కుండను, నూనె గిన్నెను విచారించాలి. మలబద్ధకానికి ఆకుకూరలు, జొన్నరొట్టె, పప్పులు మేలు. హార్మోను ఎక్కువైనవారి సంగతి వేరు. చికిత్స కుదిరేవరకు వారికి ఎక్కువ ఆహారం, పాలు, పెరుగు కావాలి, కాఫీ తగ్గించాలి.

విద్యార్థినులు ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది. పెళ్ళిసంబంధం చెడుతుందన్న భయంతో కొన్ని కుటుంబాలలో ఈ వ్యాధిని దాచి, అత్తవారింటికి మాత్రలు లేకుండానే పంపుతారు. గర్భం తొలి మాసాలలో శిశువు తన హార్మోనుకోసం తల్లిపైనే ఆధారపడుతుంది. ఆ బిడ్డ మెదడు నిర్మాణమవుతున్నది అప్పుడే. మాత్ర వాడుతున్న స్త్రీకి గర్భం దాల్చగానే మోతాదు తరచు నాలుగవ వంతుకు పైగా పెంచవలసివస్తుంది. కనుక నెల తప్పినట్లు అనుమానం కలిగిన వారంలోనే టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించాలి, గర్భం సగానికి వచ్చేవరకు సుమారు నాలుగు వారాలకొకసారి చూపించుకోవాలి. ప్రసవానంతరం మోతాదును మునుపటికి తగ్గించి, ఆరు వారాలకు మళ్ళీ పరీక్షిస్తారు. బిడ్డకు పాలిస్తూ ఈ మాత్ర నిస్సంకోచంగా వాడవచ్చు.