ఏరే గర్భగుడి

మన్యంలో పెదబయలుకు పొరుగున, హుకుంపేట మండలం మఠం పంచాయతీలో, మత్స్యగెడ్డ బండరాళ్ల నడుమ మడుగు కట్టిన చోటు మత్స్యగుండం. అక్కడ వెలసిన దేవుడు మత్స్యలింగేశ్వరుడు. మహాశివరాత్రి జాతరకు మన్యం పల్లెల వారితో పాటు మైదానం నుంచీ, ఒడిశా నుంచీ జనం వస్తారు. గెడ్డలో మునిగి, లింగానికి మొక్కి, చేపలకు ప్రసాదం వేస్తారు. ఆ చేపలు స్వామి రూపాలని నమ్మకం. వాటిని పట్టరు, తినరు. సింహాచలంలా శిల్పసంపదకు పేరుపడ్డ క్షేత్రం కాదిది. ఇక్కడ గర్భగుడి ఆ నీరే. దాని చుట్టూ ఉన్న ప్రాకారం జనం తరతరాలుగా పాటిస్తున్న నియమమే.

కొండజనం ఏటిని కొలిచిన ఆచారానికి శైవాన్ని తర్వాత జోడించారని కొందరంటారు. కావచ్చు. అయితే కొండ నుంచి మైదానానికి వెళ్లిన కథలూ ఉన్నాయి. మైదానంలోని ఒడ్డాదిని ఏలిన మత్స్య వంశపు అర్జునుడి దిబ్బిడ తామ్రశాసనం 1269 నాటిది. శాపంతో మత్స్యా నదిలో చేపగా మారిన అప్సరస మంజుఘోష కొడుకు సత్యమార్తాండుడే తమ మూలపురుషుడని అది చెబుతుంది. ఆ నది మాచ్‌ఖండ్, అంటే ఈ మత్స్యగెడ్డే, అని కొందరు పరిశోధకులు భావించారు. ఇది రాజుల కల్పనే అనుకున్నా, గద్దెకు గౌరవం కోసం వాళ్లు ఆశ్రయించింది ఈ కొండల ఏటినీ, దాని చేపనూ. గుండం అంత పాతదని శాసనం రుజువు చేయదు. ఈ నీటి పూజ్యత పాతదేనని మాత్రం చూపుతుంది.

చేపను ముట్టకపోవడం వట్టి భయమేనన్నది మరో వాదన. కానీ వేట, చేపలు తిండిలో భాగమైన చోట ఒక మడుగును వదిలేయడం చిన్న సంగతి కాదు. శృంగేరిలో తుంగా నది చేపలను కాపాడుతున్నదీ ఇలాంటి కట్టుబాటే. భయమైనా భక్తయినా, కాపలా లేని చోట చేప బతకడానికి కారణం అదే. ఒక్క మడుగుతో ఏరంతా బాగుపడదన్న మాట మాత్రం నిజం. మత్స్యగెడ్డ పెదబయలు, ముంచంగిపుట్టు మీదుగా జోలాపుట్ జలాశయానికి చేరుతుంది; పైన కలిసిన చెత్త, సబ్బునీళ్లు గుండంలోకీ వస్తాయి. అందుకే క్షేత్రాభివృద్ధి అంటే మెట్లూ మండపాలే కాకూడదు. జాతర చెత్త నీటిలో పడకుండా చూడడం, ఎగువ గట్టున చెట్లు నిలపడం, ఆ పనిలో చుట్టుపక్కల గిరిజన పల్లెల మాటకే పెద్దపీట వేయడం ముందు జరగాలి. నీరు పాడయ్యాక ఎంత గోపురం కట్టినా అది మత్స్యగుండం కాదు.