మంద్రస్థాయి మొనగాడు హామియెట్ బ్లూయిట్

నలుగురు శాక్సొఫోన్ వాద్యకారులు తప్ప వేదిక మీద ఇంకెవరూ లేరనుకోండి. పియానో లేదు, డ్రమ్స్ లేవు, అడుగున నడక నడిచే బాస్ కూడా లేదు. మరి లయ ఎవరు చూసుకుంటారు? 1976లో పుట్టిన వరల్డ్ శాక్సొఫోన్ క్వార్టెట్‌ను మొదటిసారి విన్నవాళ్లకు వచ్చే సందేహం ఇదే. సమాధానం హామియెట్ బ్లూయిట్ చేతిలో ఉండేది. అది ఐదారు కిలోల ఇత్తడి, పేరు బారిటోన్ శాక్సొఫోన్. తక్కిన ముగ్గురూ, అంటే జూలియస్ హెంఫిల్, ఆలివర్ లేక్, డేవిడ్ మర్రే, పైన ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతున్నా కింద ఇతను ఒక చిన్న సంగతి పట్టుకుని దాన్నే తిప్పి తిప్పి వాయిస్తుంటాడు. కాసేపటికి డ్రమ్స్ లేవన్న సంగతే మనకు గుర్తుండదు.

ఆ బృందం కచేరీలకు ఆనవాలుగా నిలిచిపోయిన 'హ్యాటీ వాల్' బ్లూయిట్ కట్టిన బాణీ. అందులో బారిటోన్ ఎగుడుదిగుడుగా గెంతుతూ సాగే ఒక వరుస వాయిస్తుంది. దాని మీద మిగతా మూడూ ఒకటొకటిగా వచ్చి చేరతాయి. జాగ్రత్తగా వింటే ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ కింది వరుస కేవలం ఆధారం కాదు, అదే పాట. బయటికొచ్చాక కూనిరాగం తీసేది దాన్నే. బ్లూయిట్ సాధించింది ఏమిటని అడిగితే నేను మొదట చెప్పేది ఇదే. అడుగున ఉండే పని అతను మానలేదు, ఆ పనినే అందరూ వినేలా చేశాడు.

ఇది ఎందుకు గొప్పో తెలియాలంటే బారిటోన్ బతుకు ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. శాక్సొఫోన్ అనగానే మనవాళ్లకు కద్రి గోపాల్‌నాథ్ గుర్తొస్తారు. ఆయన త్యాగరాజ కీర్తనలు పలికించింది ఆల్టో మీద. బారిటోన్ దానికి సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది. గొట్టం చాపితే రెండు మీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి పైభాగంలో ఒక చుట్టు చుట్టి కుదించారు. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ శాక్స్ 1846లో పారిస్‌లో ఈ వాద్య కుటుంబం మొత్తానికీ పేటెంట్ తీసుకున్నప్పుడు అతని మనసులో ముఖ్యంగా ఉన్నవి సైనిక బ్యాండులు. జాజ్ అన్న మాట అప్పటికి లేదు.

జాజ్ పెద్ద బ్యాండుల్లో శాక్సొఫోన్ల వరుస సాధారణంగా ఐదుగురిది: ఇద్దరు ఆల్టో, ఇద్దరు టెనర్, చివరి కుర్చీలో బారిటోన్. ఆ చివరి కుర్చీ వాడి పని స్వరాల కట్టకు అడుగు వేయడం. సోలో వంతు ఎప్పుడో గాని రాదు. కూరలో కరివేపాకు బతుకన్నమాట. లేకపోతే రుచి తగ్గిందంటారు, ఉంటే ఏరి పక్కన పెడతారు.

దీనికి మినహాయింపు హ్యారీ కార్నీ. 1927లో, పదిహేడేళ్ల వయసులో జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండులో చేరాడు. 1974లో ఎలింగ్టన్ పోయేదాకా అక్కడే ఉన్నాడు, తర్వాత కొద్ది నెలలకే తనూ పోయాడు. ఒకే కొలువులో నలభై ఏడేళ్లు! ప్రభుత్వోద్యోగంలో కూడా ఇంత సర్వీసు కుదరదు. కార్నీ స్వరం చిక్కగా, హాలంతా నిండేలా ఉండేది. 1950లలో గెర్రీ మలిగన్ ఇదే వాద్యాన్ని పియానో లేని చిన్న బృందంలో మెత్తగా మాట్లాడించాడు. పెప్పర్ ఆడమ్స్ అందుకు భిన్నంగా గరుకుగా, వేగంగా వాయించాడు. అంటే బారిటోన్‌కు సోలో యోగ్యత లేదని అప్పటికే ఎవరూ అనడం లేదు. అయితే ఈ వాద్యం ఎంత పైకి పోగలదో, ఎంత గట్టిగా అరవగలదో చివరిదాకా వెళ్లి చూసిన వాళ్లు తక్కువ.

బ్లూయిట్ 1940 సెప్టెంబర్ 16న బ్రూక్లిన్‌లో పుట్టాడు. న్యూయార్క్ బ్రూక్లిన్ కాదు, ఇలినాయ్ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున, సెయింట్ లూయిస్ నగరానికి ఎదురుగా ఉన్న చిన్న ఊరు. 1830 ప్రాంతంలో స్వేచ్ఛ పొందినవాళ్లూ, బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చినవాళ్లూ కలిసి కట్టుకున్న నల్లజాతి ఊరది. చిన్నప్పుడు పియానో, ట్రంపెట్, క్లారినెట్ అన్నీ నేర్చాడు. మనసు మాత్రం పదేళ్ల వయసునుంచే బారిటోన్ మీద ఉంది. ఊళ్లో డ్యాన్సులకు క్లారినెట్ వాయించి, 1961లో నౌకాదళం బ్యాండులో చేరాడు. ఆ రోజుల్లోనే బాస్టన్‌లో ఎలింగ్టన్ బ్యాండు కచేరీకి వెళ్లి కార్నీని ఎదురుగా విన్నాడు. ఈ వాద్యం ఒక్కటే ఒక బ్యాండు మొత్తాన్ని మోయగలదన్న నమ్మకం అతనికి అక్కడ కుదిరింది.

నౌకాదళం నుంచి వచ్చాక సెయింట్ లూయిస్‌లో ఉన్నాడు. 1968లో అక్కడ బ్లాక్ ఆర్టిస్ట్స్ గ్రూప్ అనే సంఘం పుట్టింది. సంగీతం వాళ్లు, నాటకం వాళ్లు, నాట్యం వాళ్లు, చిత్రకారులు, కవులు అందరూ ఒకే గొడుగు కింద. హెంఫిల్, లేక్ కూడా అందులోని వాళ్లే. క్లబ్బులు పిలవవు గనక తమ వేదిక తామే నడుపుకున్నారు, చుట్టుపక్కల పిల్లలకు పాఠాలు చెప్పారు. సంఘం పెద్ద బ్యాండును నడిపించే బాధ్యత బ్లూయిట్ తీసుకున్నాడు. దాతృ సంస్థల డబ్బు కొన్నేళ్లు వచ్చింది, తర్వాత ఆగింది, దాంతో సంఘమూ చెదిరిపోయింది. కళా సంఘాల చరిత్ర ఎక్కడైనా ఇంతే కాబట్టి దీని మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

బ్లూయిట్ మాత్రం అది చెదరకముందే, 1969లో న్యూయార్క్ చేరాడు. శాక్సొఫోన్ వాద్యకారుడు శామ్ రివర్స్ పెద్ద బృందంలో వాయించాడు. టీటో పుయెంటె లాటిన్ బ్యాండు, బాబాటుండె ఒలాతుంజీ ఆఫ్రికన్ డ్రమ్స్ బృందం, ఎవరు పిలిస్తే అక్కడ. ప్రయోగాలు చేసేవాడికి కూడా ఇంటద్దె ఉంటుంది. ఆ తర్వాత చార్లెస్ మింగస్ బృందంలో చోటు దొరికింది. మింగస్ గొప్ప బాస్ వాద్యకారుడు, గొప్ప స్వరకర్త, అంతే గొప్ప కోపిష్టి. 1974 జనవరిలో కార్నెగీ హాల్‌లో మింగస్ చేసిన కచేరీ రికార్డుగా వచ్చింది. అందులో ఎలింగ్టన్ 'సి జామ్ బ్లూస్' దాదాపు 24 నిమిషాలు నడుస్తుంది. రాలండ్ కర్క్, జార్జ్ ఆడమ్స్, జాన్ హ్యాండీ లాంటి పెద్ద గొంతుల మధ్య బ్లూయిట్ తన వంతు అందుకుంటాడు. బారిటోన్ వచ్చిందంటే కాసేపు మంచినీళ్లు తాగొద్దాం అనుకునే శ్రోత కూడా లేవలేడు.

ఇప్పుడు అతని విద్య గురించి. బారిటోన్ మామూలు పరిధి రెండున్నర స్థాయిలు. బ్లూయిట్ దగ్గర ఐదు స్థాయిలు వినిపించేవని చెబుతారు. మన సంగీతంలో మూడు స్థాయిల్లోనూ సునాయాసంగా తిరిగేవాళ్లనే నెత్తిన పెట్టుకుంటాం కదా, మరి ఐదెలా? వేణువు వాయించేవాళ్లకు ఇందులో సగం రహస్యం తెలుసు. వేళ్లు అలాగే ఉంచి ఊదే తీరు మారిస్తే స్వరం పై స్థాయికి పోతుంది. చాలా వాద్యాల గొట్టాల్లో మూలస్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు వేగంగా కంపించే ఉపస్వరాలు దాగి ఉంటాయి. శాక్సొఫోన్ శంకువు ఆకారపు గొట్టం కాబట్టి ఈ వరుస అంతా అందులో దొరుకుతుంది. గొట్టం పొడవైన కొద్దీ మూలస్వరం దిగుతుంది, ఉపస్వరాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. అంటే అన్నిటికంటే కిందికి పలికే వాద్యాల్లోనే పైకెక్కే మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి.

అయితే మెట్లుండటం వేరు, ఎక్కడం వేరు. రెండో స్థాయి దాకా సాయం చేయడానికి వాద్యం మీద ఒక మీట ఉంది. ఆపైన మీటలు పెద్దగా పనికిరావు. పెదవి బిగువు, నాలుక ఎత్తు, గొంతులో గాలికి ఇచ్చే చోటు, ఇవి వెంట్రుకవాసి సరిపోకపోతే స్వరం జారి పక్క మెట్టు మీద పడుతుంది, లేదా రెండు స్వరాలు ఒకేసారి పలుకుతాయి. చాలామంది దాన్ని పొరపాటంటారు. బ్లూయిట్ కావలసినప్పుడు అదే తెప్పించుకునేవాడు. నేలను తాకే స్వరం నుంచి కీచుమనే స్వరానికి ఒక్క దూకులో వెళ్లి, మళ్లీ దిగేటప్పుడు తాపీగా అన్ని మెట్లూ చూపిస్తూ దిగడం అతనికి ఇష్టమైన ఆట.

ఈ ఆట చూసి విమర్శకులు అతన్ని అవాంగార్డ్, అంటే ప్రయోగవాది, అనే డబ్బాలో వేశారు. డబ్బా మీద చీటీ తప్పు కాదు గాని, లోపలి సరుకు బ్లూస్. 1977లో న్యూయార్క్‌లోని ది కిచెన్ అనే వేదిక మీద తోడెవరూ లేకుండా బారిటోన్ ఒక్కటే పెట్టుకుని కచేరీ చేశాడు. అది 'బర్త్‌రైట్' పేరుతో రికార్డుగా వచ్చింది, కింద ఉపశీర్షిక 'సోలో బ్లూస్ కచేరీ' అని. విడుదల చేసిన కంపెనీ పేరు ఇండియా నావిగేషన్. ఇండియాకూ దానికీ ఏ సంబంధమూ లేదు, నావలు అసలే లేవు. బాబ్ కమిన్స్ అనే న్యూయార్క్ వకీలు నడిపిన చిన్న రికార్డు కంపెనీ అది.

ఒక్కడే కూర్చుని గంపెడు స్వరాలు కుమ్మరించడం ఏ ప్రయోగవాదైనా చేయగలడు. బ్లూస్ అలా కాదు. దానికి సాధారణంగా పన్నెండు ఆవర్తనాల చట్రం ఉంటుంది. ఏ ఆవర్తనంలో ఏ ఆధారానికి చేరాలో ముందే తెలుసు, వినేవాడికీ తెలుసు. తప్పితే పట్టుబడిపోతావు. తోడు లేకుండా వాయించేటప్పుడు ఆ చట్రం గాలిలో ఉన్నట్టు వినేవాడికి తోపించాలి: కింద ఒక స్వరం తాకి, పైన పాట ఎత్తుకుని, మళ్లీ కిందికొచ్చి అది చల్లారకముందే తట్టి వెళ్లాలి. ఊపిరి మాత్రం ఒక్కటే. 'బర్త్‌రైట్'లో మధ్య మధ్య వచ్చే మౌనాలు కూడా ఈ లెక్కలో భాగమే. గందరగోళంగా వినిపించే చోట కూడా బ్లూస్ నడక ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది. అతని సాహసానికి నేను విలువిచ్చేది ఈ కారణానికే. పాతదాన్ని వదిలేసి వెళ్లిన సాహసం కాదు, దాన్ని భుజాన వేసుకుని వెళ్లింది.

క్వార్టెట్ పుట్టుక కథ చిన్నది. న్యూ ఓర్లీన్స్‌లో కిడ్ జోర్డన్ అనే శాక్సొఫోన్ గురువు ఈ నలుగురినీ పిలిపించాడు. జనం ఊగిపోయారు. సరే బృందంగా ఉందామనుకుని రియల్ న్యూయార్క్ శాక్సొఫోన్ క్వార్టెట్ అని పేరు పెట్టుకున్నారు. అప్పటికే న్యూయార్క్ శాక్సొఫోన్ క్వార్టెట్ అని ఒకటుంది, వాళ్లు కోర్టుకెక్కుతామన్నారు. న్యూయార్క్ ఇవ్వనంటే ప్రపంచం తీసుకున్నారు. 1986లో ఎలింగ్టన్ పాటలతో వాళ్లు చేసిన రికార్డు ఎక్కువమంది చేతికి చేరింది. కార్నీ ఏళ్ల తరబడి వాయించిన 'సోఫిస్టికేటెడ్ లేడీ' అందులో ఉంది. హెంఫిల్ వెళ్లిపోయాక బృందం చాలా ఏళ్లు నడిచింది, ఆఫ్రికన్ డ్రమ్స్ చేర్చుకుంది, కాని ఆ నలుగురి మధ్య ఉన్న బిగి మళ్లీ రాలేదనే నా అభిప్రాయం.

సొంతంగా బ్లూయిట్ చేసినవాటిలో రెండు చెప్పి తీరాలి. 1984లో బెర్లిన్‌లో చిన్నా పెద్దా క్లారినెట్లన్నీ ఒకచోట చేర్చి క్లారినెట్ ఫ్యామిలీ నడిపాడు. 1998లో వచ్చిన రికార్డులో నాలుగు బారిటోన్లను, ఒక డ్రమ్ముతో, ఒకే వేదిక ఎక్కించాడు. ఎప్పుడూ చివరి కుర్చీలో ఉండేవాళ్లకు ఈసారి అన్ని కుర్చీలూ ఇచ్చాడు. జేమ్స్ కార్టర్ అందులో ఒకడు. ఆలోచన గొప్పదే గాని, చివరిదాకా కూర్చుని వినడానికి ఓపిక కావాలి. నిజానికి బ్లూయిట్ రికార్డులన్నీ ఒక్క తూకంలో ఉండవు. కొన్నిచోట్ల ఆ కీచు అవసరానికి కాకుండా అలవాటుకు వచ్చినట్టుంటుంది. చిన్న చిన్న కంపెనీలకు విడివిడిగా చేయడం వల్ల కొన్ని సులువుగా దొరకవు కూడా.

2002లో సొంతూరికి తిరిగొచ్చి పిల్లలకు సంగీతం నేర్పాడు. పదేళ్ల తర్వాత మళ్లీ న్యూయార్క్ వెళ్లాడు. చివరి రోజుల్లో ఆరోగ్యం పాడై వాయించలేకపోయాడు. 2018 అక్టోబర్ 4న సెయింట్ లూయిస్‌లో పోయాడు. వయసు 78.

వినాలనుకుంటే క్వార్టెట్ ఎలింగ్టన్ రికార్డుతో మొదలుపెట్టండి. తర్వాత 'హ్యాటీ వాల్', తర్వాత పియానో మీద జాన్ హిక్స్ తోడున్న 'ఈబూ'. 'బర్త్‌రైట్' జోలికి అప్పుడు వెళ్లండి, మొదట్లోనే వెళ్లి నన్ను తిట్టుకోకండి. ఇంకొక్క మాట. ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు. బారిటోన్ అట్టడుగు స్వరం దాదాపు 65 హెర్ట్జ్, అంత కిందిది ఆ చిన్న స్పీకర్ పలకలేదు. ఏ స్వరమో తెలుస్తుంది గాని దాని బరువు తెలియదు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, లేదా పెద్ద స్పీకర్లున్న స్నేహితుణ్ని చూసుకోండి.