నోరులేని ప్రోగ్రాముకు మాటలు

మీ బడిలో ఒక ఉష్ణమాపకం ఉందనుకోండి. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ఒక విద్యార్థి వెళ్ళి, ఎన్ని డిగ్రీలుందో చూసి, ఆ అంకెను కంప్యూటరులో వేస్తాడు. వారం చివర సగటు లెక్కకట్టడానికి పదవ తరగతి అమ్మాయి ఒకామె చిన్న ప్రోగ్రాము రాసింది. దానికి ‘ఎండలెక్క’ అని పేరు పెట్టింది.

ఆదివారం బడి ఉండదు గదా! ఆ రోజు ఉష్ణమాపకాన్ని ఎవరు చూస్తారు? అందుకని ఆమె ఒక ఏర్పాటు చేసింది. చూడని రోజుకు 99 అని వెయ్యాలి. 99 కనిపిస్తే ప్రోగ్రాము ఆ రోజును వదిలేసి, మిగిలిన రోజులకే సగటు కడుతుంది. ఎండ ఎంత మండినా గాలి ఉష్ణోగ్రత 99 డిగ్రీల సెల్సియస్‌కు చేరదు కనక, ఆ అంకెను చూసి ఎవరూ నిజమనుకోరు. తెలివైన ఏర్పాటే!

ఏడాది తిరిగింది. ఆ అమ్మాయి పరీక్ష పాసై పై చదువుకు వెళ్ళిపోయింది. ఆమె పని ఒక తొమ్మిదవ తరగతి అబ్బాయికి వచ్చింది. సోమవారం నుంచి శనివారం దాకా అతడు వేసిన అంకెలు 38, 39, 40, 41, 42, 40. ఆదివారం గడి దగ్గర ఆగి, ‘చూడలేదు కనక సున్నా’ అనుకుని 0 వేశాడు. ఆరు రోజుల మొత్తం 240. దాన్ని 6తో భాగిస్తే సగటు 40 డిగ్రీలు. కాని ప్రోగ్రాముకు ఇప్పుడు ఏడు రోజులు కనిపిస్తున్నాయి. 240ని 7తో భాగించి 34.3 అని చెప్పింది. మండు వేసవి కాస్తా చల్లబడిపోయింది!

తప్పెవరిది? ప్రోగ్రాము సరైనదే. అబ్బాయి శ్రద్ధగా పని చేశాడు. ‘చూడని రోజుకు 99’ అనే ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా రాసి లేదు. అది ఆ అమ్మాయి తలలో ఉండి, ఆమెతోపాటే ఊరు దాటిపోయింది.

ఒక చిన్న ఊహ, ఒక పెద్ద రాకెట్టు

‘ఇది బడిపిల్లల లెక్కే గదా, పోనిద్దురూ’ అంటారా? అయితే ఇది వినండి.

1996 జూన్ 4న, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో, కూరూ అనే చోటి నుంచి ఐరోపా దేశాల కొత్త రాకెట్టు ఏరియాన్-5 మొట్టమొదటిసారి పైకి లేచింది. అందులో నాలుగు ఉపగ్రహాలున్నాయి. బయలుదేరిన సుమారు 40 సెకన్లకు, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున, అది దారి తప్పి ముక్కలైపోయింది.

రాకెట్టు ఎటు తిరిగి ఉందో, ఎంత వేగంతో పోతోందో లెక్కకట్టే ప్రోగ్రామును పాత ఏరియాన్-4 నుంచి తెచ్చి ఇందులో పెట్టారు. అందులో ఒకచోట, అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన అంకెను 16 బిట్ల గడిలోకి మార్చాలి. ఆ గడిలో 32,767 కంటె పెద్ద అంకె పట్టదు. ఏరియాన్-4 పోయే దారిలో ఆ అంకె అంత పెద్దది కాదు కనక, దానికి కాపలా అక్కరలేదని అప్పట్లో నిర్ణయించారు. ఏరియాన్-5 దారి వేరు. దాని అడ్డవేగం ఇంకా త్వరగా పెరుగుతుంది. అంకె గడిలో పట్టలేదు. పరికరం ఆగిపోయింది. తోడుగా ఉంచిన రెండో పరికరంలోనూ అదే ప్రోగ్రాము ఉండటంతో అదీ ఆగిపోయింది.

విచారణ సంఘం అన్నీ తిరగేసి చూసింది. కొత్త రాకెట్టు పోయే దారితో ఆ ప్రోగ్రామును పరీక్షించకపోవడం ఒక లోపం. దానితోపాటు మరొకటి కూడా బయటపడింది. కాపలా ఎందుకు పెట్టలేదో ఆ కారణం ప్రోగ్రాము పాఠంలో ఎక్కడా లేదు. ఆ ఊహ గుట్టలకొద్దీ పత్రాల మధ్య మరుగున పడిపోయింది.

అంటే రాసి ఉంచితే చాలదన్నమాట. కావలసినవాడికి, కావలసిన వేళకు, కళ్ళబడేటట్లు ఉంచాలి. ప్రోగ్రాముకు వివరణ పత్రాలు రాయడాన్ని డాక్యుమెంటేషన్ అంటారు. వాటిని వెబ్‌సైటుగా తయారుచేయడం ఈ కళ్ళబడే ఏర్పాటు కోసమే.

తప్పులను దాచని పుస్తకం

ఈ పనిని బాగా చేసినవారిలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారిని ముందు చెప్పుకోవాలి. అక్కడ కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే కంప్యూటరు వ్యవస్థను తయారుచేశారు. దాని మొదటి వివరణ పుస్తకం మీద 1971 నవంబరు 3 అని తేదీ ఉంది. అందులో ఒక్కొక్క ఆజ్ఞకు పేరేమిటి, ఎలా వాడాలి, ఏం చేస్తుంది, ఇంకా ఏ పుట చూడాలి అని అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ‘బగ్స్’ అని కూడా ఒక భాగం. అంటే ఆ ప్రోగ్రాములో తమకు తెలిసిన లోపాలను వాళ్ళే ఒప్పుకుని అచ్చు వేశారన్నమాట!

దీనివల్ల ఒక చిత్రం జరిగింది. వాళ్ళ సహచరుడు డగ్లస్ మెకిల్రాయ్ తరువాత జ్ఞాపకం చేసుకున్నాడు. పుస్తకం కొత్త కూర్పు వచ్చే ముందల్లా అందరూ హడావుడి పడేవారట. లోపాలను కాగితం మీద పెట్టి చూసుకుంటే, అచ్చు వేయడానికి సిగ్గనిపించేది. దాంతో ప్రోగ్రామునే సరిదిద్దేసేవారు. తేలికగా వివరించలేని ప్రోగ్రాము బహుశా సరిగా కుదరని ప్రోగ్రామే!

ముందు ఏమి రాయాలి?

ఇక మన ‘ఎండలెక్క’కు వెబ్‌సైటు కడదాం. కంప్యూటరు ముట్టుకునే ముందు, చదవడానికి ఎవరెవరు వస్తారో ఆలోచించండి. ఒకరు దీన్ని ఎన్నడూ చూడనివారు. వారికి చెయ్యిపట్టి నడిపించే మొదటి పాఠం కావాలి. ఇంకొకరికి పని తెలుసు గాని, ‘ఆదివారానికి ఏం వెయ్యాలి?’ వంటి ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. మూడవవారికి ఏ ఆజ్ఞ ఏం చేస్తుందో నిఘంటువులాంటి పట్టిక కావాలి. నాలుగవవారు ‘99 ఎందుకు? సున్నా ఎందుకు కాదు?’ అని అడుగుతారు. వారికి కారణం చెప్పాలి.

ఈ నాలుగింటినీ ఒకే పుటలో కలగాపులగం చేస్తే ఎవరికీ అక్కరకు రావు. నాలుగు పుటలుగా విడదీయండి. ‘ఎందుకు’ అని చెప్పే పుటను మాత్రం ఎన్నడూ వదలకండి. ఏరియాన్-5లో మరుగున పడింది సరిగ్గా అదే.

పుటలు తయారయ్యే తీరు

వెబ్‌సైటులో కనిపించే పుటలు హెచ్.టి.ఎం.ఎల్. అనే భాషలో ఉంటాయి. ప్రతి పుటనూ ఆ భాషలో చేత్తో రాయడం విసుగు పని. ఒక పుట చేర్చినప్పుడల్లా మిగిలిన పుటల్లోని విషయసూచికలన్నిటినీ మార్చాలి. అందుకని మనం సాదా పాఠం రాస్తే దాన్ని వెబ్ పుటలుగా మార్చిపెట్టే ప్రోగ్రాములు వచ్చాయి. వాటిలో ఒకటి స్ఫింక్స్. గెయోర్గ్ బ్రాండ్ల్ అనే ఆయన దీన్ని పైథాన్ అనే కంప్యూటరు భాష వివరణ పత్రాల కోసం తయారుచేశాడు. 2008లో అందరికీ విడుదల చేశాడు. దీన్ని ఉచితంగా వాడుకోవచ్చు.

‘ఎండలెక్క’ ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులోనే పత్రాల కోసం మరో ఫోల్డరు తెరవండి. స్ఫింక్స్‌ను మొదలుపెడితే మీ పనికి పేరేమిటి, రాసినదెవరు, ఏ భాషలో రాస్తారు అని అడిగి, రెండు ముఖ్యమైన ఫైళ్ళు తయారుచేసి ఇస్తుంది. ఒకటి అమరికల ఫైలు. పేరు, భాష వంటి వివరాలు అందులో ఉంటాయి. రెండవది ముఖపుట. ఏ పుట తరువాత ఏ పుట రావాలో అందులో వరుసగా రాస్తే, విషయసూచికను స్ఫింక్స్ తానే కడుతుంది.

పాఠం రాసే పద్ధతి చాలా సులువు. ఒక మాటకింద సమానం గుర్తులు వరసగా పెడితే అది శీర్షిక. మాటకు రెండువైపులా రెండేసి నక్షత్రం గుర్తులు పెడితే అది లావు అక్షరాల్లో వస్తుంది. పంక్తి మొదట చిన్న గీత పెడితే జాబితా అవుతుంది. మిగతాదంతా మామూలు రాతే. తెలుగులో రాసినా దానికి అభ్యంతరం లేదు.

రాయడం అయ్యాక ఒక ఆజ్ఞ ఇస్తే పుటలన్నీ తయారవుతాయి. ఆ సమయంలోనే స్ఫింక్స్ మన పని తనిఖీ కూడా చేస్తుంది. లేని పుటకు దారి చూపించామా? ఒక పుట రాసి సూచికలో చేర్చడం మరిచామా? వెంటనే హెచ్చరిస్తుంది.

వెతుకులాట ఎలా జరుగుతుంది?

పుటలతోపాటు స్ఫింక్స్ పదాల పట్టిక ఒకటి తయారుచేస్తుంది. కొన్ని పెద్ద పుస్తకాల చివర ఏ మాట ఏ పుటలో ఉందో చెప్పే అకారాది పట్టిక ఉంటుంది గదా, అటువంటిదే. చదివేవాడు వెతుకుడు పెట్టెలో ‘సగటు’ అని కొడితే, అతని కంప్యూటరే ఆ పట్టికలో చూసి పుటలను చూపిస్తుంది. దూరాన ఉన్న మరో యంత్రాన్ని అడగనక్కరలేదు. అంచేత ఆ పుటలను పెన్‌డ్రైవులో వేసి, ఇంటర్నెట్ లేని బడికి పట్టుకువెళ్ళినా చదువుకోవచ్చు, వెతుక్కోవచ్చు.

పాతబడిన పత్రం పచ్చి అబద్ధం

ఇప్పుడు అసలు చిక్కు. ఒకనాడు ఎవరో ప్రోగ్రామును మార్చారు. చూడని రోజుకు 99 బదులు గడి ఖాళీగా వదలమన్నారు. పుటలో మాత్రం 99 అనే ఉంది. పాత పుట నమ్మి 99 వేసినవాడి లెక్క ఏమవుతుంది? 240కి 99 కలిపి 7తో భాగిస్తే 48.4 వస్తుంది. వారం సగటు 48.4 డిగ్రీలు! దారి చెప్పే పలక లేకపోతే నలుగురిని అడుగుతాం. తప్పు దారి చూపే పలక ఉంటే అడగకుండానే అటు పోతాం. అదీ ప్రమాదం.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది, ప్రోగ్రామునూ పత్రాలనూ ఒకేచోట ఉంచి, ఒకటి మార్చినప్పుడు రెండవదీ అప్పుడే మార్చాలి. ఏ మార్పు ఎప్పుడు, ఎవరు, ఎందుకు చేశారో గుర్తుంచే గిట్ అనే పనిముట్టు ఉంది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో దాన్ని తయారుచేశాడు. దానిలో రెండు మార్పులనూ ఒకే మార్పుగా చేర్చవచ్చు.

రెండవ మందు ఇంకా గట్టిది. పుటలో ఒక ఉదాహరణ రాయండి. ‘సగటు’ అనే పనికి 38, 39, 40, 41, 42, 40, 99 ఇస్తే జవాబు 40.0 రావాలి అని. పైథాన్‌లో డాక్‌టెస్ట్ అనే పనిముట్టు ఉంది. టిమ్ పీటర్స్ తయారుచేశాడు. అది పుటల్లోని ఉదాహరణలను వెదికి, ప్రోగ్రాముతో నిజంగా చేయించి, వచ్చిన జవాబును రాసిన జవాబుతో పోలుస్తుంది. స్ఫింక్స్‌లో కూడా ఈ సౌకర్యం ఉంది. ప్రోగ్రాము మారి పుట మారకపోతే, జవాబులు కలవక అది గోల పెడుతుంది. పుటలోని మాట ఇక మీద ఉత్త మాట కాదు, పరీక్షకు నిలబడ్డ మాట! ఇంకో సంగతి. 2008లో వచ్చిన పైథాన్-3 నుంచి ‘సగటు’ వంటి పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు.

లోకానికి చూపించడం

తయారైన పుటలను ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న ఒక కంప్యూటరులో ఉంచితే ఎక్కడివారైనా చూడవచ్చు. 2010లో మొదలైన రీడ్ ద డాక్స్ అనే ఏర్పాటు, అందరికీ తెరిచి ఉంచిన ప్రోగ్రాముల పత్రాలకు ఈ చోటు ఉచితంగా ఇస్తుంది. మీరు పాఠం మార్చి పంపినప్పుడల్లా పుటలను తానే మళ్ళీ కడుతుంది. పాత కూర్పుల పుటలను కూడా విడిగా ఉంచవచ్చు. నిరుటి ప్రోగ్రామునే వాడుతున్న బడికి నిరుటి పుటలే కావాలి గదా! పైథాన్ భాష వెబ్‌సైటులో పుట పైభాగాన చూడండి. ఏ కూర్పు కావాలో, ఏ భాషలో కావాలో ఎంచుకునే వీలుంది.

ఒక పరీక్ష

వెబ్‌సైటు కట్టారు. బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మీ తరగతి కాని స్నేహితుడిని ఒకరిని పిలవండి. ఒక వారం అంకెలు ఇచ్చి, ఆదివారం గడి ఖాళీగా ఉంచి, పుటలు చదువుకుంటూ సగటు కట్టమనండి. మీరు పక్కన కూర్చోండి. కాని నోరు మెదపకూడదు! అతడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ తల గోక్కున్నాడో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మీ నాలుక ‘అక్కడ కాదు, ఇలా’ అని చెప్పడానికి ఎక్కడెక్కడ దురద పెట్టిందో, మీ పుటల్లో అక్కడక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట. దాన్ని రాయండి. తరువాత మరొకరిని పిలవండి.

పదవ తరగతి పాసై మీరూ ఒకరోజు ఆ బడి వదిలి వెళతారు. ఆ తరువాత ఆదివారం గడి దగ్గర ఆగిన పిల్లవాడికి జవాబు చెప్పడానికి మీరు అక్కడ ఉండరు. మీరు రాసిన వాక్యం ఉంటుంది.